అల్లుడుగారి దారి

మా బట్టల షాపులో ఆ ఫైర్‌వాల్‌ను ఆ పేరుతో పిలిచేది నేనొక్కదాన్నే. మిగిలినవాళ్ళందరికీ అది డబ్బా. గల్లాపెట్టె వెనక గోడకు కొట్టిన చెక్క మీద, దసరాకు పెట్టిన కుంకుమ బొట్టుతో, పచ్చ దీపాలు వెలిగించుకుని కూర్చునేది. నిడదవోలు షాపునూ రాజమండ్రి బ్రాంచినీ బయటి ఇంటర్నెట్‌తో కలిపే తీగ దాని గుండానే పోయేది. లోపలికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్నది అది చూసుకునేది. దాన్ని నేను చూసుకునేదాన్ని.

నేను ఇంజనీరింగ్ చదవలేదు. ఇంటర్ అయ్యాక అదే షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో చేరాను. నాకు వచ్చిన కంప్యూటర్ల చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో వచ్చిందే. ఈ మాట చెప్పడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. అడగనివాళ్ళకి కూడా చెబుతాను.

అప్పట్లో గ్రంథాలయం కాలువ పక్కన ఒక పాత పెంకుటింట్లో ఉండేది. పొద్దున్నే దినపత్రిక రాగానే పెద్దవాళ్ళు దాన్ని కాగితం కాగితంగా విడదీసి పంచుకునేవారు. రాజకీయాల పేజీ దొరికినాయన దాన్ని ఒక పట్టాన వదిలేవాడు కాదు. వ్యవసాయం పేజీ చేతిలో ఉన్నాయన చదవడం మానేసి ఆయన వంకే చూస్తూ "అయిందాండీ" అని అడుగుతూ ఉండేవాడు. స్త్రీలకు కిటికీ పక్కన వేరే బల్ల ఉండేది. చాలా రోజులు ఆ బల్ల నా ఒక్కదానిదే. షాపు తీసేలోగా అక్కడ కూర్చుని చదువుకుని, అక్కణ్ణుంచి నేరుగా కౌంటర్‌కి వెళ్ళేదాన్ని. కాలువ మీంచి వచ్చే గాలికి పేజీలు తిరిగిపోకుండా టిఫిన్ డబ్బా అంచున పెట్టుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు గ్రంథాలయాన్ని కొత్త భవనంలోకి మార్చారు, ఫ్యాన్లు బాగా తిరుగుతాయి. నేను మాత్రం ఇప్పటికీ పుస్తకం తెరవగానే ఏదో ఒకటి అంచున బరువు పెడతాను.

నవలలు అయిపోయాయి. యాత్రలు అయిపోయాయి. తేనెటీగల పెంపకం, నక్షత్రాలు, పళ్ళ నిల్వ, ఏది దొరికితే అది చదివాను. ఆ రోజుల్లోనే ఒక పాలిటెక్నిక్ లెక్చరరుగారు కాలం చేస్తే వాళ్ళింటివాళ్ళు ఆయన పుస్తకాలు అట్టపెట్టెల్లో తెచ్చి గ్రంథాలయానికి ఇచ్చారు. అందులో కంప్యూటర్ నెట్‌వర్కుల మీద ఇటుకంత లావు ఇంగ్లీషు పుస్తకం ఉంది. లైబ్రేరియన్‌గారు దాన్ని రెండు చేతులతో ఎత్తి చూపించి, "ఇది కూడా వదలవా అమ్మాయ్?" అన్నారు నవ్వుతూ.

"ఇవ్వండి, చూస్తాను" అన్నాను.

"చూడు చూడు. అర్థమైతే నాక్కూడా చెప్పు. మా ఇంట్లో వైఫై ఎందుకు ఆగిపోతోందో కనుక్కుందాం."

ఆయన బల్ల మీద పెద్ద నిఘంటువు ఉండేది. అది ఇంటికి ఇవ్వరు. అందుకని ఆ లావు పుస్తకాన్ని అక్కడే చదవాల్సి వచ్చింది. మొదట్లో ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చుకుంటే తప్ప తలకెక్కేది కాదు. ఎప్పుడు మానేశానో తెలియదు, ఒక రోజు గమనిస్తే మార్చుకోకుండానే చదివేస్తున్నాను. ఆ రోజు షాపుకి వెళ్ళే దారంతా ఎవరైనా పలకరిస్తే బాగుండునని అనిపించింది.

ఆ పుస్తకంలో ఫైర్‌వాల్ అధ్యాయం దగ్గర ఒక చోట ఆగిపోయాను. కావలి పెట్టడంలో మనం చేసే తప్పులు ఒక రకమట, కావలి కాసే సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న లోపం ఇంకో రకమట. తేడా ఏమిటో నాకు పట్టుబడలేదు. దాన్ని నాకు నేర్పింది వానాకాలం. ఒక రోజు పొద్దున్న గ్రంథాలయానికి వెళ్తే లైబ్రేరియన్‌గారు తలుపు ముందు జేబులు తడుముకుంటూ నిలబడ్డారు. తాళంచెవి ఇంట్లో మర్చిపోయారు. కాసేపు ఆలోచించి, తలుపును బందుల వైపు నుంచి రెండు చేతులతో పైకి లేపారు. వానకి నాని చెక్క పుచ్చిపోయినట్టుంది, మేకులు వదిలేసి తలుపు ఆ పక్కనుంచి తెరుచుకుంది. తాళం వేసింది వేసినట్టే వేలాడుతోంది.

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"వడ్రంగి వచ్చేదాకా ఈ సంగతి నీకూ నాకే తెలియాలి" అన్నారాయన.

తాళం వేయడం మర్చిపోతే అది మన తప్పు. తాళం సరిగ్గా వేసినా తలుపే ఇంకో పక్కనుంచి ఊడి వస్తే అది తలుపులో ఉన్న లోపం. ఇంక ఆ అధ్యాయం నాకు మళ్ళీ చదవాల్సిన పని లేకపోయింది.

రాజమండ్రిలో బ్రాంచి తెరిచినప్పుడు డబ్బా బిగించడానికి విజయవాడ నుంచి ఒకాయన వచ్చాడు. నేను పక్కన నిలబడి అడగాల్సినవన్నీ అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పాడు, మంచివాడు. వెళ్తూ వెళ్తూ షావుకారుగారితో, "మీ అమ్మాయికి పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్తున్నానండి, నన్ను మాటిమాటికీ పిలవక్కర్లేదు" అన్నాడు. అప్పటినుంచి డబ్బా నాది. దాని కంపెనీవాళ్ళు పంపే మెయిళ్ళు చదవడం కూడా నా పనే. చదవడమంటే నాకు ఇష్టం కాబట్టి వాటిని చివరిదాకా చదివేదాన్ని.

మా షావుకారుగారికి ఒక్కతే కూతురు. అమ్మగారు ఆ పిల్ల చిన్నప్పుడే పోయారు. ఇంటి పెత్తనమంతా షావుకారుగారి అక్కగారిది. షాపులో మేమందరం ఆవిడను పెద్దమ్మగారు అనేవాళ్ళం. అమ్మాయిగారు సాయంత్రాలు వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు. నా కన్నా చిన్నవారు, నన్ను అక్కా అని పిలిచేవారు.

అమ్మాయిగారిని పెద్దాపురం ఇచ్చారు. వాళ్ళదీ చీరల వ్యాపారమే. పెళ్ళి మా ఊళ్ళోనే జరిగింది. మగపెళ్ళివారు దిగే సమయానికి షావుకారుగారు వంటల దగ్గర పనసపొట్టు కూర రుచి చూస్తూ ఉండిపోయారు. ఎదురు వెళ్ళాల్సిన మనిషి గేటు దగ్గర లేడు. వియ్యంకుడుగారు కారు దిగలేదు. అద్దం దించుకుని కూర్చున్నారు. షావుకారుగారు గరిటె చేత్తోనే పరుగెత్తుకొచ్చి, పన్నీరు చల్లి, చేతులు పట్టుకుంటే గాని దిగలేదు. దిగాక కూడా భోజనాల్లో ఆయన ఒక్క మాట అన్నారు: "కూర బావుంది బావగారూ. మా కన్నా దానికే ఎక్కువ మర్యాద జరిగినట్టుంది."

ఆ మాట షావుకారుగారికి గుచ్చుకుంది. అందుకే అప్పగింతల ముందు అందరి ఎదుటా ఆయన వియ్యంకుడుగారితో ఇలా అన్నారు: "ఇక నుంచి మా షాపులు మీ అబ్బాయివే అనుకోండి. పెద్దాపురంలో కూర్చునే చూసుకోవచ్చు. మా అమ్మాయి ఏర్పాటు చేస్తుంది." మా అమ్మాయి అంటే నేను.

అలా డబ్బాలో అల్లుడుగారి కోసం ఒక దారి తెరిచాను. రిమోట్ లాగిన్ అంటారు దాన్ని. ఆయన తన ల్యాప్‌టాప్‌లో ఒక పేజీ తెరిచి, పేరూ పాస్‌వర్డూ కొడితే మా షాపులోకి వచ్చినట్టే. సరుకు చూడవచ్చు, అమ్మకాలు చూడవచ్చు, కెమెరాలు చూడవచ్చు. దీంతో వియ్యంకుడుగారి మనసు కుదుటపడింది. పెద్దాపురంలో కనబడినవాళ్ళందరికీ, "మావాడు ఇక్కడ మడత కుర్చీలో కూర్చుని నిడదవోలు షాపు నడుపుతున్నాడు" అని చెప్పుకుంటున్నారని మాకు కబుర్లు వచ్చేవి. షావుకారుగారు ఆ కబుర్లు వింటూ మీసం కింద నవ్వుకునేవారు.

ఆ ఏడు ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తారింట్లో ఉండకూడదు కాబట్టి అమ్మాయిగారు పుట్టింటికి వచ్చారు. అల్లుడుగారు మామగారి గడప తొక్కకూడదు. షాపులో ఆషాఢం తగ్గింపుల బోర్డు కట్టాం. ఉప్పాడ చీరలు బీరువాల్లోంచి పరుపుల మీదికి దిగాయి. ఊళ్ళోవాళ్ళే కాక చుట్టుపక్కల పల్లెలన్నీ మా షాపులోనే ఉన్నట్టుండేది.

ఆ సందట్లో నేనొకటి గమనించాను. అమ్మాయిగారు రోజూ గల్లాపెట్టె దగ్గర కూర్చునే కుర్చీ కొంచెం జరుపుకుంటున్నారు. రోజుకో చీర కడుతున్నారు. ఇంట్లో ఉన్న పిల్ల షాపుకి వచ్చేటప్పుడు తలలో అన్ని పూలా అనుకున్నాను. ఒకసారి చిల్లర ఇస్తూ పైకి చూసి చిన్నగా నవ్వారు. పైన కెమెరా తప్ప ఏమీ లేదు.

"ఎవరితో నవ్వుతున్నారు?" అన్నాను.

"ఎవరితోనూ లేదక్కా."

"కెమెరాతోనా?"

ఆవిడ మొహం ఎర్రబడింది. "పెద్దత్తకి చెప్పకు. ఆయన సాయంత్రం చూస్తారు."

"ఫోన్ ఉందిగా మీకు? వీడియోలో మాట్లాడుకోవచ్చుగా?"

"ఫోన్లో మాట్లాడితే మాట్లాడుకున్నట్టే ఉంటుందక్కా. ఇలా అయితే ఆయన వచ్చి ఆ ఎదురు బెంచీ మీద కూర్చున్నట్టుంటుంది. నేను నా పని చేసుకుంటూ ఉంటాను. అంతే."

మర్నాటి నుంచి ఆ కెమెరా అద్దం నేనే తుడిచేదాన్ని.

ఆ వారమే కంపెనీవాళ్ళ మెయిల్ వచ్చింది. మా డబ్బాలోని సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడిందట. రిమోట్ లాగిన్ పేజీకి ఒక రకంగా తయారుచేసిన సందేశం పంపితే, పేరూ పాస్‌వర్డూ అడగకముందే అది లోపలికి వదిలేస్తుందట. దాన్ని వాడుకుని అక్కడక్కడా దొంగలు జొరబడుతున్నారు కూడా. కొత్త రకం డబ్బాలకు సరిచేసిన సాఫ్ట్‌వేర్ సిద్ధమైంది. మాలాంటి పాతవాటికి ఇంకా సమయం పడుతుంది. అంతవరకు ఆ రిమోట్ లాగిన్ పేజీని ఆపెయ్యండి అని రాశారు. మెయిల్ రెండుసార్లు చదివాను. ఆ వానాకాలం పొద్దున్న కాలువ గట్టు మీద తలుపు ముందు నిలబడ్డ లైబ్రేరియన్‌గారు కళ్ళ ముందు కనబడ్డారు.

వెంటనే షావుకారుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎవరికో జరీ అంచు చూపిస్తున్నారు. పక్కనే పెద్దమ్మగారు మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నారు. సోమవారం, మధ్యాహ్నం భోజనాల వేళ, షాపు కాస్త పలచబడింది.

"సార్, డబ్బాలో ఒక దారి మూసెయ్యాలండి" అన్నాను.

"మూసెయ్ అమ్మా. నన్ను అడగడం ఎందుకు?"

"అది అల్లుడుగారి దారండి."

ఆయన చేతిలో చీర మడత అలాగే ఆగిపోయింది. చూస్తున్నావిడను వేరే సేల్స్‌మన్‌కి అప్పజెప్పి నా వైపు తిరిగారు.

"అల్లుడుగారి దారి మూసెయ్యమంటావా? ఆషాఢంలో?"

"కొన్నాళ్ళేనండి. సరిచేసిన సాఫ్ట్‌వేర్ రాగానే తెరిచేస్తాను."

"ఆయనకొక్కడికీ వదిలేసి మిగతావాళ్ళకి మూసెయ్."

"అదే చూశానండి. ఆయన ఇంటి నెట్ నెంబరు మాటిమాటికీ మారిపోతుందండి. ఆయన్ని గుర్తుపట్టి వదలడానికి వీల్లేదు. పైగా లోపం తలుపులోనే ఉందండి. ఎవరు నువ్వు అని అడగకముందే ఊడి వచ్చేస్తోంది." గ్రంథాలయం తలుపు సంగతి చెప్పాను. బందుల వైపు నుంచి లేపి చూపించాను కూడా, గాలిలో.

ఆయనకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే మొహం పాలిపోయింది. "లోపలికి వస్తే ఏం చేస్తారు?"

"రెండు షాపుల బిల్లింగూ ఆపేసి కూర్చోబెట్టగలరండి. మన ఖాతాదారుల ఫోన్ నెంబర్లన్నీ పట్టుకుపోగలరు."

"అల్లుడుగారికి ఒక ఫోన్ చేసి చెప్పేద్దాం అంటావా?"

"చెబితే ఆయన సరేనంటారండి."

"ఆయనతో కాదమ్మా నా బాధ. ఆయన బంగారం. ఆ ఇంట్లో మాట పెద్దాయనది. నలుగురిలో ఇచ్చిన మర్యాద నేనే ఫోన్లో వెనక్కి తీసుకున్నానంటే, రేపు ఆషాఢం వెళ్ళాక నా కూతురు ఆ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరుగుతుంది?"

అంతవరకు వింటూ కూర్చున్న పెద్దమ్మగారు గ్లాసు కింద పెట్టారు. "చెప్పి మూస్తే మర్యాద. మూసి చెబితే అవమానం. మనిషి వెళ్ళి చెప్పాలి. ఉత్త చేతులతో ఎలాగూ వెళ్ళం. వియ్యాలవారింటికి మిఠాయిలతో ఆషాఢం కావిడి పంపాలిగా, దాంతో వెళ్దాం."

"కావిడి గురువారం కదక్కా అనుకున్నది?" అన్నారు షావుకారుగారు.

"గురువారం దాకా ఆగలేమండి" అన్నాను.

"అయితే రేపు" అని, అంతలోనే ఆవిడ నాలుక కరుచుకున్నారు. "రేపు మంగళవారం. మంగళవారం కావిడి బయలుదేరదు."

నేను ఒక పక్క డబ్బా వైపు చూస్తున్నాను. దీపాలు మామూలుగానే ఉన్నాయి. లోపం ఉన్నప్పుడు కూడా దీపాలు పచ్చగానే ఉంటాయి, అదే నా భయం.

"అయితే ఇవాళే" అన్నారు పెద్దమ్మగారు లేస్తూ.

"అరిసెలు ఇంకా వండలేదుగా?" అన్నారు షావుకారుగారు.

"నీ డబ్బా నా చేత కొన్న మిఠాయిలతో కావిడి పట్టిస్తోందిరా. నా ఒంట్లో ప్రాణం ఉండగా ఇలాంటిది చూస్తాననుకోలేదు" అని, నా వైపు తిరిగి, "నువ్వూ రావాలి. ఆ బందుల కథ నాకు చెప్పడం రాదు" అన్నారు.

అలా బయలుదేరాం. బజారులో దొరికిన సున్నుండలు, పాలకోవా, దారిలో ఆగి పూతరేకులు, ఒక బుట్ట మామిడిపళ్ళు, ఇంట్లో ఉన్న కొత్త ఆవకాయ జాడీ. కారులో ఆవకాయ జాడీని పెద్దమ్మగారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొవ్వూరు వంతెన మీద ఆవిడ గోదావరికి దణ్ణం పెట్టుకుని, "ఆయన కారు దిగనట్టు ఇవాళ మనల్ని కారు దిగనివ్వకపోతే?" అన్నారు. రంగంపేట దాటేదాకా నేను ఆ బందుల కథ ఎలా ఎత్తుకోవాలో మనసులో అనుకుంటూ ఉన్నాను.

పెద్దాపురంలో మరిడమ్మ జాతర రోజులు. వీధులన్నీ జనం. కారు చాలా దూరంలో ఆపి, బుట్టలు మోయించుకుంటూ నడిచి వెళ్ళాం. వియ్యంకుడుగారు అరుగు మీదే కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి వచ్చారు గాని, చూపు మాత్రం బుట్టల మీద ఉంది. ఎన్ని ఉన్నాయో, ఎందుకు అంతే ఉన్నాయో ఆయనకు ఒక్క చూపులో తెలిసిపోయింది.

"గురువారం అన్నట్టు గుర్తు, చెల్లెమ్మగారూ" అన్నారు.

"అవునన్నయ్యగారూ. అసలు కావిడి గురువారమే వస్తుంది. ఇది ముందు వచ్చిన కబురు" అన్నారు పెద్దమ్మగారు. ఆవిడ తెలివికి నేను దణ్ణం పెట్టుకున్నాను.

మంచినీళ్ళు తాగాం. అల్లుడుగారు లోపలి నుంచి వచ్చి నమస్కారం పెట్టారు. పెద్దమ్మగారు నన్ను మోచేత్తో పొడిచారు. నేను సంగతి చెప్పాను. అల్లుడుగారు సగంలోనే అందుకుని, "ఆ లోపం గురించి నేనూ చదివానండి. మన డబ్బాకీ ఉందనుకోలేదు. మూసెయ్యండి, మూసెయ్యండి" అన్నారు.

"ఆగరా" అన్నారు వియ్యంకుడుగారు. గొంతు పెరగలేదు. "అంటే మావాణ్ణి ఇక చూడొద్దంటున్నారు."

"అబ్బే, అలా కాదండి" అన్నాను.

"మరి ఎలా?"

పెద్దమ్మగారి చెయ్యి నా మోకాలి మీద ఉంది. అమ్మాయిగారి అత్తగారిల్లు ఇది. నేను ఒక్క మాట తేడాగా అంటే ఆ పిల్ల ఏళ్ళ తరబడి వింటుంది.

"వారు వచ్చే దారిలో దొంగలు రావడానికి వీలుందండి" అన్నాను.

"మావాడి వెనకాల పడి వస్తారా?"

"వెనకాల కూడా రానక్కర్లేదండి. వారు లేనప్పుడు కూడా రావచ్చు. ఆ దారి అక్కడ ఉంటే చాలు."

"ఆ దారి మావాడి కోసం వేసిందేగా?"

"అవునండి. ఇంకెవరికీ లేదు."

"అందరూ దాన్ని ఏమంటారు, మీ షాపులో?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అల్లుడుగారి దారి అంటారండి."

ఆయన ఉత్తరీయం భుజం మార్చుకున్నారు. వీధిలోంచి డప్పులు వినిపిస్తున్నాయి. ఆ మోత కాస్త దూరం వెళ్ళాక అన్నారు, "అయితే రేపు దొంగలు పడితే, ఏ దారిన వచ్చారంటే పెద్దాపురం అల్లుడుగారి దారిన వచ్చారంటారు. మావాడి పేరు మీద దొంగల దారి ఉండటం మాకు మర్యాదా?"

జవాబు కోసం ఆయన చూడలేదు. జేబులోంచి ఫోన్ తీసి తనే షావుకారుగారికి చేశారు.

"బావగారూ. ఆఁ, వచ్చారు, క్షేమంగా వచ్చారు. మావాడి దారిలో ఏదో లోపం ఉందటగా. దాన్ని మేమే మూయిస్తున్నామండి. మీరేమీ అనుకోకండి. మీ మర్యాద ఎక్కడికీ పోదు. మా ఇష్టంతో మేమే మూయిస్తున్నాం."

ఫోన్‌లో షావుకారుగారి గొంతు నాకు వినబడలేదు. కాని ఆయన అవతల కుర్చీలో కూలబడి ఉంటారని మాత్రం తెలుసు. పెద్దమ్మగారు నా మోకాలి మీంచి చెయ్యి తీసి, పమిటతో మొహం తుడుచుకున్నారు.

"కానివ్వండి మరి" అన్నారు వియ్యంకుడుగారు నాతో.

అప్పుడు అల్లుడుగారు గొంతు సవరించుకున్నారు. "సాయంత్రం అయ్యాక మూస్తే ఏమైనా ఇబ్బందాండి?"

"సాయంత్రం దాకా ఎందుకురా? ఇప్పుడే కదా దొంగలన్నారు?"

పెద్దమ్మగారు పూతరేకు ఒకటి అల్లుడుగారి పళ్ళెంలో వేస్తూ, "సాయంత్రం లెక్కలు చూసుకుంటారేమో పాపం, అలవాటైపోయి ఉంటుంది" అన్నారు. అంటే ఆవిడకు మొదటి నుంచీ తెలుసన్నమాట. కెమెరా కింద కుర్చీ జరగడం చూడనిది ఆ షాపులో షావుకారుగారు ఒక్కరే అని నాకు అప్పుడు అర్థమైంది.

అంత దూరం నుంచి నేను మూయడం కన్నా డబ్బా పక్కన ఉన్నవాళ్ళు మూయడం మంచిది. అమ్మాయిగారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆవిడ ఇంట్లోంచి నేరుగా షాపుకి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. "సరే అక్కా, ఏం నొక్కాలో చెప్పు" అన్నారు.

అల్లుడుగారు ల్యాప్‌టాప్ తెచ్చి, దారి నిజంగా మూసుకుందో లేదో చూడాలి కదండీ అంటూ అరుగు మీదే తెరిచారు. నిడదవోలు షాపు కనబడింది. గల్లాపెట్టె, పైన వెలుగుతున్న దీపం, కంప్యూటర్ ముందు అమ్మాయిగారు. ఇంకా సాయంత్రం కాలేదు కాబట్టి తలలో పూలు లేవు, ఇంట్లో కట్టుకునే నూలు చీర. వియ్యంకుడుగారు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు.

"మా కోడలేగా?"

"అవును నాన్నగారూ."

ఆయన కొడుకు మొహం చూశారు, మళ్ళీ తెర చూశారు. "మంచినీళ్ళు తాగి వస్తాను" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయన ముందు గ్లాసు నిండా నీళ్ళున్నాయి.

నేను ఫోన్‌లో ఒక్కొక్కటే చెప్పాను. ఆ పేజీ తెరవండి, ఆ వరుసలోకి వెళ్ళండి, రిమోట్ లాగిన్ పక్కన టిక్కు తీసెయ్యండి, కింద సేవ్ నొక్కండి. తెరమీద అమ్మాయిగారు మౌస్ కదుపుతూ ఉన్నారు. చివరికి చెయ్యి ఆపి, తల పైకెత్తి కెమెరా వైపు చూశారు. నవ్వలేదు. ముందుకు పడిన జుట్టు చెవి వెనక్కి తోసుకున్నారు, అంతే. మళ్ళీ తల దించుకుని నొక్కారు. బొమ్మ అక్కడే నిలిచిపోయింది. కాసేపటికి తెర మీద, కనెక్షన్ పోయిందని వచ్చింది.

అల్లుడుగారు ఆ తెర వెంటనే మూయలేదు.

గురువారం అసలు కావిడి వెళ్ళింది. అరిసెలు, కాజాలు, పనస తొనలు, చూడడానికి వీధి వీధంతా బయటికి వచ్చిందట. నేను వెళ్ళలేదు. డబ్బా దగ్గరే ఉన్నాను. మా బిల్లింగ్‌కి ఏమీ కాలేదు. ఆషాఢం అమ్మకాలు ఎప్పటిలాగే నడిచాయి. శ్రావణం రాగానే అల్లుడుగారు స్వయంగా దిగారు. షావుకారుగారు వీధి చివరిదాకా ఎదురు వెళ్ళి, కారు ఆగకముందే తలుపు పట్టుకున్నారు.

ఆ తరువాత కొన్నాళ్ళకు సరిచేసిన సాఫ్ట్‌వేర్ వచ్చింది. షాపు తెరవకముందే వెళ్ళి అది ఎక్కించి, డబ్బా ఆపి మళ్ళీ వెలిగించి, అంతా సరిగ్గా ఉందని చూసుకుని షావుకారుగారి దగ్గరికి వెళ్ళాను.

"అల్లుడుగారి దారి ఇక తెరవొచ్చండి" అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. "అది మనం మూసింది కాదమ్మా. వియ్యంకుడుగారు మూయించారు. ఆయన చెప్పకుండా తెరిస్తే, ఆయన మాట తీసేసినట్టవుతుంది."

"అయితే వారిని అడుగుదామా?"

"ఎలా అడుగుతాం? మీరు మూయించింది తెరుస్తాం అని మనమే అడిగితే ఏం బావుంటుంది?"

ఆ నెలలోనే అల్లుడుగారు షాపుకి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర నిలబడి మెల్లగా, "ఆ దారి..." అన్నారు.

"మీ నాన్నగారు ఒక్క మాట చెప్పాలండి" అన్నాను.

"ఆయన్నెవరు అడుగుతారండీ" అని ఆయన గల్లాపెట్టె వైపు చూసి నవ్వేశారు. అమ్మాయిగారు ఆ వేళ పెద్దాపురం నుంచి ఆయనతోనే వచ్చి అక్కడే కూర్చుని ఉన్నారు.

ఆ తరువాత మరో ఏడాది అదే రిమోట్ లాగిన్ పేజీలో ఇంకో లోపం బయటపడింది. మెయిల్ చివరిదాకా చదివాను. మాకు చేయాల్సిందేమీ లేదు, ఆ పేజీ మూసే ఉంది.

ఇప్పుడు పెద్దమ్మగారు లేరు. రాజమండ్రి బ్రాంచి అమ్మాయిగారే చూసుకుంటున్నారు, అల్లుడుగారు వారంలో సగం అక్కడే ఉంటున్నారు. పాత డబ్బా పోయి కొత్తది వచ్చింది. అది బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒక్కొక్కటీ అడుగుతూ వచ్చి, "రిమోట్ లాగిన్ కావాలాండీ?" అన్నాడు. నేను షావుకారుగారి వైపు చూశాను.

"మా వియ్యంకుడుగారిని అడగాలి బాబూ" అన్నారాయన. "ప్రస్తుతానికి మూసే ఉంచు."

ఇంతవరకు ఎవరూ అడగలేదు.